కొబ్బరిచెట్టు ఆకలి

కోనసీమలో కొబ్బరిచెట్టును ఇంటికి పెద్దకొడుకని చెప్పుకొందురు. పెరటిలో నాలుగుచెట్లున్న యిల్లాలికి కూరకును, నూనెకును, చేతిఖర్చునకును లోటుండదు. అయితే ఆ కొడుకునకు మనము తిండి పెట్టుచున్నామా యని యోచింపవలయును.

కాపునకు వచ్చిన చెట్టు ఏటికి సుమారు 12 మట్టలు వేయును. మట్ట కొక గెల చొప్పున సంవత్సరము పొడవునను కాయుచునే యుండును. దింపిన ప్రతికాయతోడను నేలసారము కొంత తరలిపోవును. అందు పొటాషు ముఖ్యము. డొక్కలో నది విశేషముగా నుండును. తిరిగి పెట్టనిచో ముందుగా క్రింది ముదురుమట్టలు పసుపువన్నెకు తిరిగి, చివరలు మాడును.

పొటాషు చాలని మొక్కలలో చక్కెరలు మొదలగునవి సరిగా వినియోగపడక రసమునందే నిలిచిపోవును. రసము పీల్చు పురుగులకు అదియే విందు. నత్రజని యొక్కటే మితిమీరి వేసినను ఆకులు మెత్తబడి యిట్టి కీడే కలుగును. 2016లో పొల్లాచి ప్రాంతమున మనదేశమునకు వచ్చినట్లు కనుగొనబడిన సర్పిలాకారపు తెల్లదోమ పిమ్మట గోదావరితోటలకును ప్రాకెను. కావున ఎరువులయందు సమపాళ్లు తప్పరాదు.

కొమ్ముపురుగు సంగతి వేఱు. అది బలమైన చెట్టునుగూడ విడువక మొవ్వును తొలుచును. విచ్చుకొన్న ఆకు కత్తెరతో కోసినట్లుండును. ఆ గాయములందు ఎఱ్ఱముక్కు పురుగు గ్రుడ్లు పెట్టును. అది లోపల చేరినచో చెట్టే కూలవచ్చును. తిండిగల చెట్టు క్రొత్తమట్టలు వేసి తేఱుకొనును. ఆకలిచెట్టున కా శక్తి యుండదు.

ఇందొక చిక్కు కలదు. కొమ్ముపురుగు పిల్లలు పెరుగునది మన పెంటకుప్పలోనే! చెట్టునకు బలమిచ్చు ఎరువే దాని శత్రువునకు పురిటిల్లగుచున్నది. కనుక కుప్పను చెట్ల మొదట నుంచక, తఱచుగా తిరుగవేసి, తెల్లని లావుపురుగుల నేఱి కోళ్లకు వేయుడు. లేతచెట్ల మొవ్వు చుట్టునున్న మట్టల సందులలో వేపపిండిని ఇసుకతో కలిపి పోయుట మేలు.

ఇక కొలతలు. కాసరగోడులోని కేంద్రీయ తోటపంటల పరిశోధన సంస్థవారు ఎదిగిన చెట్టునకు ఏటికి నత్రజని 500, భాస్వరము 320, పొటాషు 1200 గ్రాములు చెప్పుదురు. అనగా యూరియా కిలోకు కొంచె మెక్కువ, సూపరుఫాస్ఫేటు రెండుకిలోలు, మ్యూరేట్ పొటాషు రెండుకిలోలు. దీనిని రెండు దఫాలుగా, తేమయున్నప్పుడు, మొదటినుండి ఆఱడుగులలోపు పాదులో చల్లి మట్టి కప్పవలయును. చివికిన పశువులయెరువును తోడుచేయవలయును. కట్టెలు కాల్చు నిండ్లవారు బూడిద పాఱవేయరాదు. అందును పొటాషు కలదు. డొక్కల నన్నిటిని అమ్మివేయక కొన్ని పాదులో బోర్లించినచో తేమయు నిలుచును, సారమును తిరిగి చేరును.

ఫలితము మఱునెలలోనే కనబడదు. నేడు విచ్చుకొన్న పూగెల సుమారు మూడేండ్ల క్రిందటనే మొవ్వులో రూపుగట్టినది. ఈ తొలకరిలో పెట్టిన తిండికి ప్రతిఫలము రెండుమూడేండ్లకు దక్కును. ఓపికతో ఏటేట పెట్టుచుండుడు.