ఎవరి బోనస్‌కు ఎక్కడ హద్దు?

దసరా దగ్గర పడుతోందంటే గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్‌ బొగ్గుబాయిల కాడ ఒకటే ముచ్చట... 'ఈసారి లాభాల్లో వాటా ఎంత?' 2025లో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రకటించిన అంకె 34 శాతం. 2018-19 సంవత్సరానికి అది 28 శాతమే.

అంకె పెరిగింది, బాగానే ఉంది. దేని మీద 34 శాతం? కార్మిక సంఘాలు అడిగేది అదే. 2024-25లో సింగరేణి నికర ఆదాయం 6,394 కోట్లని సర్కారే చెప్పింది. అందులో 4,034 కోట్లు విస్తరణ పనులకని పక్కన పెట్టి, మిగిలిన 2,360 కోట్ల మీద లెక్క కట్టింది. పర్మినెంటు కార్మికుడికి సగటున 1,95,610 రూపాయలు. కాంట్రాక్టు కార్మికుడికి 5,500!

కింది మెట్టు సంగతి ఇది. మరి పైమెట్టు?

బోనస్‌ చట్టం 1965 నాటిది. కనీసం 8.33 శాతం ఇవ్వాలి, 20 శాతం దాటకూడదు అంది. 2015 సవరణ ప్రకారం నెల జీతం 21 వేలు దాటితే బోనస్‌ అడిగే హక్కు లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌ ఆ చట్టాన్ని తనలో కలిపేసుకుంది. 8.33, 20 అంకెలు మాత్రం మారలేదు.

పెద్ద అధికారులకు ఈ చట్టంతో పనిలేదు. వాళ్లకొచ్చేది పీఆర్‌పీ... పనితీరును బట్టి ఇచ్చే సొమ్ము. రామగుండంలో ప్లాంటున్న ఎన్టీపీసీ లాంటి కేంద్ర సంస్థల్లో దానికి గీత గీసింది పార్లమెంటు కాదు, ప్రభుత్వ రంగ సంస్థల విభాగం. 2017 ఆగస్టు 3 నాటి ఉత్తర్వు ప్రకారం అసలు వ్యాపారంలో వచ్చిన లాభంలో, అదీ పన్నుకు ముందు లెక్కలో, 5 శాతానికి మించి పీఆర్‌పీకి తీయకూడదు. ఊరికే పడివున్న నగదు మీద వడ్డీని లాభంగా చూపి పంచుకోకూడదు. సంస్థ రేటింగు పడితే సొమ్మూ తగ్గుతుంది. పెద్ద సంస్థ సీఎండీకైనా మూలవేతనానికి ఒకటిన్నర రెట్లే ఆఖరి మాట.

ఐరోపా సమాఖ్య 2014లో బ్యాంకర్ల బోనస్‌ జీతాన్ని మించకూడదని చట్టమే తెచ్చింది. వాటాదారులు ఒప్పుకుంటే రెండింతల దాకా వెళ్లొచ్చంది. బ్రిటన్‌ 2023లో ఆ హద్దు ఎత్తేసింది.

ఉత్తర్వుకీ చట్టానికీ తేడా ఇక్కడే ఉంది. ఉత్తర్వును ఆఫీసులోనే తిరగరాయొచ్చు. చట్టాన్ని మార్చాలంటే సభలో నలుగురి ముందూ జవాబు చెప్పాలి. సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది... అంతా జనం సొత్తే. పంచేముందు ఎంత పక్కన పెట్టాలి, పైనుంచి కిందిదాకా ఎవరికెంత అన్నది చట్టంలో ఒక్కచోట రాసిపెడితే, 5,500 అందుకున్న కార్మికుడికి కూడా తన లెక్క ఎలా వచ్చిందో తెలుస్తుంది. ఎక్కువో తక్కువో తర్వాతి మాట, ముందు అడగడానికి ఓ కాగితమైనా చేతిలో ఉంటుంది.