రేకుకు హుక్కు లేదు, నోట్లో నసీబ్ ఉంది

తూఫాన్ మా ఇళ్లల్లో చిన్నప్పట్నించీ ఉన్న లఫ్జ్. నూహ్ అలైహిస్సలాం కిస్సాలో అమ్మీ నోట మొదట విన్నాను. ఉర్దూ మీడియం బడి దాటి డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అదే లఫ్జ్ ‘తుఫాను’ అయి పుస్తకాల్లో ఎదురైంది. మాట ఎన్ని సరిహద్దులైనా దాటుతుంది. గాలి మాత్రం కోస్తా జిల్లాల సరిహద్దు దగ్గర ఆగిపోతుందని మన సర్కార్ల యఖీన్.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తూఫాన్ నరసాపురం దగ్గర తీరం దాటింది. దాని వాన ఖమ్మం, వరంగల్ దాకా ముంచింది. ఆ రాత్రి సత్తుపల్లిలో మా గల్లీ చివర ఒక ఖాలా ఇంటి మీద నాలుగు రేకులు లేచిపోయాయి. కుట్టు మిషను, కస్టమర్ల బట్టలు, కూతురి నికాహ్ కోసం కొనిపెట్టిన చీరలు అన్నీ తడిసిపోయాయి. పొద్దున పరామర్శకు వెళ్తే ఆమె అన్నది ఒకే మాట: “క్యా కర్తే బేటా, నసీబ్ మే యహీచ్ లిఖా థా.”

నాకు కోపం వచ్చింది. ఖాలా మీద కాదు. ఆమె చేత ఆ మాట అనిపించే ఇంతెజామ్ మీద.

ఆ కప్పు ఎట్లా నిలబడిందో చూశాను. ఇనుప పైపుల మీద రేకులు పరిచారు. అక్కడక్కడా బైండింగ్ వైరు చుట్టారు. పైన బండరాళ్లు, రెండు ఇసుక మూటలు, ఒక పాత టైరు. మీ గల్లీలో తలెత్తి చూడండి, ఇదే కనిపిస్తుంది. గాలికి బరువు పెడితే చాలని మనం తరాలుగా అనుకుంటున్నాం.

హిసాబ్ చూద్దాం. గాలి వేగం రెట్టింపైతే దాని బలం నాలుగింతలవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 47 కిలోల ఒత్తిడి పెడుతుంది. మూడు చదరపు మీటర్ల రేకు మీద అది 140 కిలోలు. సముద్రం నుంచి ఇంత లోపలికొచ్చేసరికి గాలి తగ్గుతుంది, నిజమే. 70కి తగ్గిందనుకోండి, ఇంకా ఒక్కో రేకు మీద దాదాపు 70 కిలోలు ఉంటుంది. ఇనుప రేకు బరువు అందులో నాలుగో వంతు కూడా ఉండదు. పైగా వాలు తక్కువున్న కప్పును గాలి కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. తలుపో కిటికీయో ఊడి లోపలికి జొరబడిందంటే కిందినుంచి కూడా తోస్తుంది. అప్పుడు పైనున్న రాయి కప్పును కాపాడదు. రేకుతో పాటు లేచి ఎవరి నెత్తి మీద పడుతుందో చెప్పలేం.

కప్పుకు కావాల్సింది బరువు కాదు, కట్టు. రేకును పైపుకు జె-హుక్కు పట్టుకోవాలి, హుక్కు నట్టు కింద వెడల్పాటి వాషర్ ఉండాలి. అంచుల్లో, మూలల్లో లాగుడు ఎక్కువ కాబట్టి అక్కడ హుక్కులు దగ్గర దగ్గరగా వేయాలి. పైపు గోడ మీద ఊరికే కూర్చోకూడదు, గోడలోకి దింపిన ఇనుప పట్టీతో బిగించాలి. చూరు బయటికి ఒకటిన్నర అడుగు మించకూడదు. వసారా కప్పును అసలు కప్పుతో కలపకుండా విడిగా వేస్తే, అది ఎగిరినా ఇల్లు మిగులుతుంది. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వాలులది గాలికి బాగా తట్టుకుంటుంది. ఉత్తరాంధ్ర తీరంలో పాత చుట్టిళ్లు గుండ్రంగా, చూరు కిందికి దిగి ఎందుకుంటాయో ఆ కట్టినవాళ్లకు తెలుసు. వాళ్లకు ఏ ఇంజనీరూ చెప్పలేదు.

ఇదేం రహస్య ఇల్మ్ కాదు. ఎత్తు తక్కువ ఇళ్లు తూఫాన్‌ను తట్టుకునేలా ఎట్లా కట్టాలో భారత ప్రమాణాల సంస్థ 2004లోనే ఐఎస్ 15498 పేరుతో అచ్చేసింది. మా ఊరి మిస్త్రీల్లో ఒక్కరికైనా దాని పేరు తెలుసా అని అడిగాను. ఒకరు నవ్వి, “సార్, కోస్తాలో కట్టేవాళ్లకేమో” అన్నారు. తప్పు ఆయనది కాదు. 2011లో మొదలైన జాతీయ తూఫాన్ ముప్పు తగ్గింపు ప్రాజెక్టు లెక్కలోకి తీసుకున్నది తీరమున్న రాష్ట్రాలనూ కేంద్రపాలిత ప్రాంతాలనూ మాత్రమే. తెలంగాణకు సముద్రం లేదు, కాబట్టి తూఫాన్ ఫైలు కూడా లేదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటి మన ఖమ్మం, భద్రాద్రి జిల్లాలను తడిపి పోయింది. దానికి ఫైలు అవసరం పడలేదు.

“అందరికీ స్లాబ్ ఇళ్లు వస్తున్నాయి కదా” అంటారు. 2024 మార్చి 11న మన పక్కనే భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది. ఇంటికి 5 లక్షలు. మంచి పని, ఎవరూ కాదనరు. స్లాబ్‌ను గాలి లేపలేదు. కానీ మొదటి విడత సొంత జాగా ఉన్నవాళ్లకు. జాగా లేని ఖాలా కిరాయి రేకుల కిందే ఉంటుంది. ఆమె వంతు వచ్చేలోపు ఎన్ని అక్టోబర్లు గడవాలి?

ఇక ముఆవజా సంగతి. విపత్తు సాయం నిబంధనల ప్రకారం పక్కా ఇల్లు పాక్షికంగా దెబ్బతింటే 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000. అదీ కనీసం 15 శాతం పోయిందని తేలితేనే. అంటే కప్పు ఎగిరాక కొలవడానికి సర్కార్ దగ్గర మనిషి ఉన్నాడు, ఎగరకముందు హుక్కు ఉందా లేదా అని తలెత్తి చూసేవాడు లేడు. ఇచ్చిన డబ్బుతో మళ్లీ అవే రేకులు, అదే బైండింగ్ వైరు, అవే రాళ్లు. ఇది ఇమ్దాద్ కాదు, వచ్చే తూఫాన్‌కు దావత్.

మన ఖౌమ్‌నీ వదిలిపెట్టను. తూఫాన్ వెళ్లాక బిర్యానీ పొట్లాలు, దుప్పట్లు పంచుతాం. ఫోటోలు దిగుతాం. ఒక హుక్కు ధర ఒకట్రెండు ఛాయ్‌ల ధర. అదే చందాతో ముందే గల్లీలోని కప్పులన్నీ బిగించొచ్చని ఏ కమిటీకీ తట్టలేదు. సదఖా అంటే ఆకలేశాక పెట్టే అన్నం ఒక్కటేనా?

ఒంటెను కట్టెయ్యాలా, అల్లాహ్ మీద భారం వేసి వదిలెయ్యాలా అని అడిగిన మనిషి కిస్సా మనందరికీ తెలుసు. ముందు కట్టు, తర్వాత తవక్కుల్ చెయ్ అన్నది అతనికి దొరికిన జవాబు. జుమా బయానుల్లో ఎన్నిసార్లు విన్నామో! ఆ ఒంటె ఇప్పుడు మన నెత్తి మీదున్న రేకు. కట్టకుండా నసీబ్ అనడం ఈమాన్ కాదు, బేఫికర్‌తనం.

అధికారులను అడిగేది ఎక్కువేం కాదు. మండలానికి ఒక రోజు మిస్త్రీలను కూర్చోబెట్టి హుక్కు, పట్టీ ఎట్లా వేయాలో చేసి చూపించండి. మే నెలకు ముందొకసారి, అక్టోబర్‌కు ముందొకసారి రేకుల ఇళ్లు తిరిగి చూడండి. పాక్షిక నష్టం డబ్బుతో పాటు ఒక సంచి హుక్కులు, వాషర్లు చేతిలో పెట్టండి.

పోయిన ఆదివారం మిస్త్రీని తీసుకుని ఖాలా ఇంటికి వెళ్లాను. టైరు, ఇసుక మూటలు, రాళ్లు కిందికి దింపి హుక్కులు బిగించాం. మధ్యాహ్నానికి పని అయిపోయింది. అంతలో పక్కింటి భయ్యా నిచ్చెన అడగడానికి వచ్చాడు. గల్లీలో ఇంకా బోలెడు కప్పులున్నాయి.