పడిపోయిన బరువు



పరీక్షా ఫలితములు వచ్చిన మరునాడు ఇండ్లు దర్శించడానికి వెళ్లినప్పుడు ఏ ఇంట బిడ్డ తప్పాడో మేము అడగనక్కరలేదు. తల్లి మాటాడదు. తండ్రి ఊరంతా వినేటట్లు మాటాడతాడు. బిడ్డ లోపల గోడవైపు తిరిగి పడుకొని ఉంటాడు. ఒకప్పుడు మేమును అలాగే పడుకొన్నవారమే. పదవ తరగతిలో లెక్కలు తప్పి మూడు దినములు సరిగా అన్నము తినలేదు. కావున ఈ నెల ఓటమిని గూర్చి కొన్ని మాటలు.

మన నెల్లిమర్ల మండలములోని కొండవెలగాడ ఆడపిల్లలు బరువులెత్తుటలో పేరు తెచ్చుకొన్నారు. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 53 కిలోల విభాగములో వెండి పతకము పొందింది. ఆ ఆట నియమములు మనకు పాఠము వంటివి. స్నాచ్‌లో మూడు అవకాశములు, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు. రెండింటిలోను ఎత్తిన పెద్ద బరువులనే కూడుతారు. తప్పిన ఎత్తుకు ఏమియు కోయరు. అయితే తప్పినవారి కొరకు బరువు తగ్గించరు. అదే బరువైనా, అంతకంటె ఎక్కువైనా ఎత్తవలసిందే. మూడును తప్పితే మొత్తమే లేదు. ఓటమికి క్షమాపణ ఉంది గాని, ప్రయాసకు మినహాయింపు లేదు.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి గారు 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కిలోలు ఎత్తారు. బంగారము కొరకు చివరిసారి 137.5 కిలోలకు పూనుకొని తప్పారు. అయినను ఆమె 240 కిలోలలోనుండి ఒక్క గ్రాము కూడ ఎవరూ తీసివేయలేదు. కంచు పతకముతో, ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారతీయ మహిళ అయ్యారు.

బరువు పడినప్పుడు మంచి శిక్షకుడు తిట్టడు. పట్టు జారిందా, మోకాలు నిలువలేదా అని చూస్తాడు. వెంటనే మళ్లీ ఎత్తవలసినవారికి రెండు నిమిషములే గడువు. తిట్టడానికి సమయమేది? మాకును అటువంటి మాస్టారు ఒకరు దొరికారు. మాతో కూర్చుండి లెక్కలు చేయించి చూస్తే, మాకు రానిది పదవ తరగతి పాఠము కాదు, చిన్న తరగతులలో వదిలివేసిన భిన్నములు! తప్పకపోతే అది తెలిసేదే కాదు. తరువాతి పరీక్షలో గట్టెక్కాము.

రాత్రి తెల్లవార్లు వల వేసినా ఒక్క చేపయు దొరకని పేతురు, అతని తోటి జాలరులు ఉదయమున ఒడ్డున వలలు కడుగుతున్నారని లూకా వ్రాశాడు. చేపలు పడని వలను ఎందుకు కడగాలి? మరల వేయడానికే గదా!

తల్లిదండ్రులారా, తప్పిన బిడ్డను పొరుగింటి బిడ్డతో పోల్చవద్దు. ఒక్క మాటకు నొచ్చుకొని ప్రాణము తీసుకొన్న పిల్లలున్నారు. ఆ బిడ్డలకు సప్లిమెంటరీ పరీక్ష లేదు. ఫలితములు వచ్చిన రాత్రి బిడ్డను ఒంటరిగా విడువక, ముందు అన్నము పెట్టండి. ప్రక్కన పడుకోండి. తెల్లవారిన తరువాత ఇద్దరును కూర్చొని, వల ఎక్కడ చిరిగిందో చూడండి.