పెట్టే చేతికే తెలిసే రుచి

సంతోషం ఎక్కడ దొరుకుతుంది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని అమెరికా దర్శకుడు రోకో బెలిక్ పలు దేశాలు తిరిగి తీసిన డాక్యుమెంటరీ ‘హ్యాపీ’. 2011లో వచ్చింది. సినిమా మొదలయ్యేది ఏ న్యూయార్క్‌లోనో కాదు, మన కోల్‌కతా మురికివాడలో. రిక్షా లాగే ఓ వ్యక్తి. ప్లాస్టిక్ పట్టా కప్పిన గుడిసె. పని ముగించుకుని ఇంటికొచ్చి కొడుకు ముఖం చూస్తే చాలు, అలసట మాయం! అతని సంతోషం సగటు అమెరికా పౌరుడి సంతోషానికి ఏమాత్రం తీసిపోదంటుంది ఈ సినిమా.

వినడానికి బాగుంది. కానీ ఇక్కడే ఓ చిక్కుంది. ‘పేదవాడు హాయిగానే ఉన్నాడుగా’ అని మనం నిశ్చింతగా కూర్చుంటే? ఆ గుడిసెలోకి వాన నీళ్లు రాకుండా ఉంటాయా? తృప్తి అనేది లేనివాడికి చెప్పే పాఠమా?

జవాబు మన నంద్యాల జిల్లాలోనే ఉంది. ఆళ్లగడ్డకు దగ్గర్లోని ఉయ్యాలవాడ పేరు చెప్పగానే 1847లో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డి గుర్తొస్తారు. అదే ఊళ్లో పుట్టిన మరో మహనీయుడు బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో రేనాడు ఆకలితో అల్లాడుతుంటే, తన ధాన్యం తీసి గంజి కాయించి రోజూ వేలమంది కడుపు నింపారాయన. ఆంగ్లేయుల ప్రభుత్వం విక్టోరియా మహారాణి పేరిట బంగారు పతకం ఇచ్చింది. జనం మాత్రం పాట కట్టుకున్నారు. సీమ పల్లెల్లో ఆ పాట తరతరాలుగా నిలిచింది.

గమనించారా? ఆకలితో వచ్చినవాళ్లకు ఆయన తృప్తి గురించి చెప్పలేదు, గంజి పోశారు. ‘నాకింతే చాలు’ అనుకోవాల్సింది గాదె నిండిన ఇంటివాడు. అప్పుడే పక్కింట్లో పొయ్యి వెలుగుతుంది.

‘అంత ఆస్తి మాకెక్కడిదండీ’ అంటారా? 2008లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఓ అధ్యయనం చూడండి. ఎలిజబెత్ డన్ బృందం కొందరికి పొద్దున్నే 5 డాలర్లు, ఇంకొందరికి 20 డాలర్లు ఇచ్చింది. సాయంత్రంలోగా సగంమంది తమకోసం, సగంమంది ఇతరుల కోసం ఖర్చు పెట్టాలి. ఇతరుల కోసం పెట్టినవాళ్లే ఎక్కువ ఆనందంగా కనిపించారు. ఇచ్చింది అయిదా, ఇరవయ్యా అన్నదాంతో తేడా రాలేదు!

అందుకే ఈ ఆదివారం ఇంట్లో చేసుకున్న దాంట్లో ఓ గిన్నె పక్కకు తీయండి. అవసరమున్న వాళ్లకు పిల్లల చేత ఇప్పించండి. అదేం రుచో వాళ్లకే తెలుస్తుంది.