ఇనీషియల్ వెనక ఏముందో పిల్లలకు చెప్పండి



ఈ రోజు రాత్రి భోజనాల దగ్గర మీ అమ్మాయినో అబ్బాయినో రెండు ప్రశ్నలు అడిగి చూడండి. నీ పేరు ముందున్న ఇంగ్లిష్ అక్షరం దేనికి గుర్తు? నీకు ఈ పేరే ఎందుకు పెట్టాం? మొదటి ప్రశ్నకు కొందరు టక్కున జవాబు చెబుతారు, కొందరు తడుముకుంటారు. రెండో ప్రశ్నకు మాత్రం ఎక్కువమంది మీ ముఖం వైపే చూస్తారు. తప్పు వాళ్లది కాదు. మనం చెప్పలేదు.

ఏటా సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకొంటాం. ఎస్. రాధాకృష్ణన్ పేరు పిల్లలందరికీ తెలుసు. ఆ ‘ఎస్’ అంటే సర్వేపల్లి. అది నెల్లూరు జిల్లాలోని ఊరు. ఆయన పుట్టింది ఇప్పటి తమిళనాడులోని తిరుత్తణిలో. పేరు చివర తమిళుల పద్ధతిలో ‘న్’ చేరింది. అయినా పూర్వీకుల ఊరు ఇంటిపేరుగా వెంట వచ్చింది. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో పుట్టారు, ఇంటిపేరులో ఉన్నది మాత్రం కందుకూరు. భాగవతం రాసిన పోతన ఇంటిపేరు బమ్మెర కూడా ఊరే, ఇప్పటి జనగామ జిల్లాలో ఉంది.

తెలుగువారి ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఇలా ఊళ్ల నుంచి వచ్చినవే. టంగుటూరు చివర ‘రు’ కాస్తా ‘రి’ అయితే టంగుటూరి, అంటే టంగుటూరుకు చెందినవారు. పల్లి, పూడి, పాడు, పర్తి, కొండ, కుంట వంటివి వినిపిస్తే దాదాపుగా ఊరి పేరే. ఊళ్లు కానివీ ఉన్నాయి. గుర్రం జాషువా, ఏనుగు లక్ష్మణకవి పేర్లు చెప్పి చూడండి, పిల్లలు నవ్వుతారు, వెంటనే మన ఇంటిపేరుకు అర్థమేంటని అడుగుతారు. మనకు కావలసింది ఆ ప్రశ్నే.

ఒక్క అక్షరంగా కుదిస్తే ఏం పోతుందో సి.ఆర్. రావు గారి పేరు చూస్తే తెలుస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన ఈ గణాంక శాస్త్రవేత్త 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకున్నారు. క్రామర్-రావు, రావు-బ్లాక్‌వెల్ సూత్రాలు ప్రపంచమంతా చదువుతుంది. కానీ రావు ఆయన ఇంటిపేరు కాదు. పూర్తి పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. ‘సి’ అన్న అక్షరం చూసి కల్యంపూడి అని ఎవరు ఊహిస్తారు? ఆయన తల్లిదండ్రులకు ఎనిమిదో సంతానం. దేవకీదేవి ఎనిమిదో బిడ్డ కృష్ణుడు కాబట్టి ఆ పేరు పెట్టారు. ఇంటి ఊరు, ఆ ఇంట్లో బిడ్డ స్థానం, రెండూ పేరులోనే ఉన్నాయి. ఇనీషియల్స్‌లో రెండూ కనబడవు.

పాత పేర్లను మోటువని నవ్వుకునే పిల్లలకు వాటి వెనక సంగతి చెప్పాలి. అప్పలనాయుడు అంటే సింహాచలం అప్పన్న గుర్తొస్తాడు. పెంచలయ్య అంటే నెల్లూరు వైపు పెంచలకోన. కొమురయ్య, మల్లయ్య అంటే కొమురవెల్లి మల్లన్న. దర్గాకు మొక్కుకుని పుట్టిన బిడ్డకు మస్తానయ్య అనో దస్తగిరి అనో పేరు పెట్టుకున్న హిందూ కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో. పుల్లయ్య, పెంటయ్య పేర్లయితే వింటేనే మనసు బరువెక్కుతుంది. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో, ఈ బిడ్డనైనా మృత్యువు పట్టించుకోకుండా వదిలేయాలని పుల్లాకు మీదో పెంటకుప్ప మీదో పడుకోబెట్టి ఆ పేరు పెట్టేవారు. మీ ఇంట్లో ఆ పేరున్న ముత్తాత ఉంటే, ఆ పేరు ఒక తల్లి భయం.

ఇప్పటి పేర్ల మాట వేరు. రెండక్షరాల్లో, కొత్తగా, క్లాసులో ఇంకెవరికీ లేనట్టు ఉండాలంటాం. వెబ్‌సైట్లు సంస్కృత నిఘంటువులో లేని పదాలకు కూడా అందమైన అర్థాలు రాసేస్తాయి. అలాంటి పేరు పెట్టారా? చింతించక్కర్లేదు. అర్థం నిఘంటువులో లేకపోయినా కథ మీ దగ్గర ఉంటుంది. ఎవరు సూచించారు, ఎవరు వద్దన్నారు, చివరికి ఎలా ఒప్పుకున్నారు, అవన్నీ చెప్పండి.

ఇంటిపేరు చెబితే కులం తెలిసిపోతుంది కదా, ఇనీషియలే నయం అనే తల్లిదండ్రులూ ఉన్నారు. ఆ జాగ్రత్తకు కారణం ఉంది, దాన్ని గౌరవించాలి. అయితే ఒకే ఊరి నుంచి వచ్చిన వేర్వేరు కులాల వారికి, మతాల వారికి ఒకే ఇంటిపేరు ఉండటం మామూలే. రికార్డులో రాయాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇంట్లో మాత్రం దాచొద్దు. గొప్పలు చెప్పుకోవడానికి కాదు, ఎక్కడి నుంచి వచ్చామో తెలియడానికి చెప్పండి. అమ్మ పుట్టింటి పేరు కూడా చెప్పండి. బిడ్డకు అదీ సొంతమే. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ నిర్బంధించదని ఆడపిల్లలకు ఇప్పుడే తెలియాలి.

ఇక కాగితాల సంగతి. సీబీఎస్‌ఈలో తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్‌లో, రాష్ట్ర బోర్డులో పదో తరగతి నామినల్ రోల్స్‌లో రాసిన పేరే సర్టిఫికెట్ మీదికి వెళుతుంది. తర్వాత మార్చడం కష్టం. అపార్ ఐడీకి ఆధార్‌లో, స్కూల్ రికార్డులో పేరు ఒకేలా ఉండాలి. పాస్‌పోర్టు ఫారంలో పేరుకు, ఇంటిపేరుకు వేర్వేరు గడులు ఉంటాయి. పేరు గడి ఖాళీగా ఉండి అంతా ఇంటిపేరు గడిలోనే ఉంటే అమెరికా వీసా మీద పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యు’ అని అచ్చవుతుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. మీరు ఎంతో ఆలోచించి పెట్టిన పేరుకు ఆ గతి పట్టకూడదు.

కాబట్టి ఎనిమిదో తరగతి పూర్తయ్యేలోపు ఆధార్, జనన ధ్రువపత్రం, స్కూల్ రికార్డు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చుకోండి. పేరు ఎలా ఉండాలో పిల్లల్నీ అడగండి, జీవితాంతం దాన్ని మోసేది వాళ్లే. తేడా ఉంటే స్కూల్ ఆఫీసులో చెప్పండి.

రెండో పని ఇంకా తొందరది. తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేసి మన ఇంటిపేరు ఎక్కడిదని మీ పిల్లల చేతే అడిగించండి. ఆ ఊరు ఇప్పుడు జలాశయం కింద ఉండొచ్చు, పేరు మారిపోయి ఉండొచ్చు. సర్టిఫికెట్‌లో తప్పును ఆలస్యంగానైనా దిద్దుకోవచ్చు. ఈ జవాబు తెలిసినవాళ్లు మాత్రం మన కోసం ఎప్పటికీ ఉండరు.