ఖాళీ గడిలో సున్నా వేయకండి!

డేటా సైన్స్ బోధకులకు, విద్యార్థులకు, సర్వే నివేదికలు రాసేవారికి విజ్ఞప్తి

బతికున్న మనిషికి రక్తపోటు సున్నా ఉంటుందా? డేటా సైన్స్ విద్యార్థులు ఏళ్లుగా సాధన చేస్తున్న ఒక ప్రసిద్ధ పట్టికలో 35 మంది మహిళలకు అలాగే ఉంది. అమెరికాలోని అరిజోనాకు చెందిన 768 మంది పీమా తెగ మహిళల మధుమేహ వివరాలవి. ఇన్సులిన్ కాలమ్‌లోనైతే 374 మందికి సున్నాయే! ఫలితం లేనిచోట గడిని ఖాళీగా వదలకుండా సున్నా వేయడంతో వచ్చిన తంటా ఇది. అదే పట్టికలో ఎన్నిసార్లు గర్భం దాల్చారన్న చోట కనిపించే సున్నా మాత్రం నిజమైనదే. ఈ రెంటికీ తేడా యంత్రానికి తెలియదు.

పోలికలను బట్టి మనుషులను గుంపులు చేసే లెక్క క్లస్టరింగ్. ఇన్సులిన్ సున్నా ఉన్నవాళ్లంతా దాని కంటికి దగ్గరివాళ్లే. అంటే రోగ లక్షణాలను బట్టి కాక, పరీక్ష ఫలితం నమోదైందా లేదా అన్నదాన్ని బట్టి గుంపులు విడిపోయే ప్రమాదముంది. పైథాన్‌లోని సైకిట్-లెర్న్ లైబ్రరీలో ఉన్న కె-మీన్స్ అనే క్లస్టరింగ్ పద్ధతి ఖాళీ గడి ఎదురైతే ఆగిపోతుంది. సున్నా ఎదురైతే మారుమాట లేకుండా లెక్క కట్టేస్తుంది.

లోపాలున్న వరుసలన్నీ తీసేస్తే సరి అంటారు కొందరు. అప్పుడు మిగిలేది 392 మందే. సగటుతో పూడిస్తే 374 మందికీ ఒకే ఇన్సులిన్ వచ్చి, లేని పోలిక పుట్టుకొస్తుంది.

మార్గాలు లేక కాదు. ఇద్దరికీ నమోదైన వివరాలనే పోల్చే పద్ధతిని గణాంక శాస్త్రవేత్త గోవర్ 1971లోనే ఇచ్చాడు. విలువ లోపించిన కారణాన్ని ఎప్పుడు పక్కన పెట్టవచ్చో, ఎప్పుడు కూడదో మరో గణాంక శాస్త్రవేత్త డొనాల్డ్ రూబిన్ 1976లో తేల్చాడు.

అందుకే ఈ కోరికలు:

1. ఫలితం లేని గడిని ఖాళీగానే ఉంచాలి.

2. ఏ కాలమ్‌లో ఎన్ని ఖాళీలున్నాయో, ఎందుకున్నాయో నివేదిక మొదట్లోనే చెప్పాలి.

3. ఖాళీలు పూడ్చేటట్లయితే పలు విధాల పూడ్చి, ప్రతిసారీ గుంపులు కట్టి, ఎందరు గుంపు మారారో ప్రకటించాలి.

4. శిక్షణ కేంద్రాల్లో అల్గారిథమ్ కంటే ముందు దొంగ సున్నాలను పట్టడం నేర్పాలి.

దీనివల్ల పని పెరుగుతుంది, నిజమే. కానీ ఆ గుంపులను చూసే ఎవరికి ఏ వైద్యం, ఏ పథకం అన్నది నిర్ణయించేవారున్నారు. ‘రోగులు మూడు రకాలు’ అంటూ నివేదిక చేతికొస్తే ఖాళీలెన్ని, వాటినేం చేశారు అని అడగండి. జవాబు రాకపోతే ఆ గుంపులను నమ్మి నిర్ణయం తీసుకోకండి.