కొండదారికి మైదానపు లెక్కలు చాలవు

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం రూ.24,657 కోట్లతో ఎనిమిది రైల్వే ప్రాజెక్టులను ఆమోదించింది. వాటిలో రెండు మన పొరుగునే వస్తున్నాయి. ఒకటి ఒడిశా రాయగడ జిల్లాలో గుణుపురం నుంచి తేరుబలికి సుమారు 74 కిలోమీటర్ల లైను. రెండోది మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం చేరే 173 కిలోమీటర్ల లైను. 2030-31 నాటికి ఇవి పూర్తికావాలన్నది లక్ష్యం. కొరాపుట్‌-రాయగడ మార్గంలో డబ్లింగ్ పనులు ఇప్పటికే సాగుతున్నాయి. ఇవన్నీ గడువులో ముగియాలంటే, కొండల్లో తప్పక మీదపడే అదనపు ఖర్చులకు తొలి అంచనాలోనే చోటు ఉండాలి.

ఆలస్యం ఖరీదెంతో గుణుపురానికి బాగా తెలుసు. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి అక్కడికి వెళ్లే 90 కిలోమీటర్ల నారోగేజి లైను మార్పిడికి 2002లో శంకుస్థాపన జరిగింది. 2004లో చిన్న రైలు ఆగిపోయింది. పెద్ద రైలు గుణుపురం చేరేసరికి 2011 వచ్చింది. ఆ ఏడేళ్లూ ఆసుపత్రికి, సంతకు, చదువుకు వెళ్లిన జనం మోసిన అదనపు భారం ఏ సవరించిన అంచనాలోనూ కనిపించదు.

ఇక వానల సంగతి. 2017 జులై వరదకు తేరుబలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైల్వే వంతెన కొట్టుకుపోయింది. గుణుపురం లైను వచ్చి కలిసేది ఆ తేరుబలిలోనే. 2023 సెప్టెంబరులో మనబార్, జరటి స్టేషన్ల మధ్య కొండచరియలు విరిగిపడి కొరాపుట్-జగదల్‌పూర్ మార్గం రోజుల తరబడి మూతపడింది. ఇలాంటివి ఏ రోజు జరుగుతాయో చెప్పలేం. జరుగుతాయని మాత్రం చెప్పగలం. ప్రభుత్వ నిర్మాణాల అంచనాల్లో అనుకోని ఖర్చులకు కంటింజెన్సీ కింద 3 శాతం చేర్చడం పాత ఆనవాయితీ. మైదానంలో భవనానికి అది సరిపోవచ్చు. సొరంగాలు తవ్వి, కొండవాలు కోసి, వాగులు దాటాల్సిన చోట సరిపోదు. టెండరుకు ముందే తగినన్ని బోర్లు వేసి రాతి స్వభావం తెలుసుకోవాలి. వంతెన ఎత్తుకు 2017 వరద మట్టాన్ని లెక్కలోకి తీసుకోవాలి. వానాకాలంలో పని మందగించే నెలలకూ, సిమెంటు, ఉక్కు ధరల పెరుగుదలకూ విడివిడిగా వెల కట్టాలి.

పోలవరం సాగునీటి ప్రాజెక్టు మరో పాఠం చెబుతోంది. 2010-11 ధరల్లో రూ.16,010 కోట్లుగా ఉన్న అంచనా 2017-18 ధరల్లో రూ.55,548 కోట్లకు చేరింది. అందులో రూ.33 వేల కోట్లకు పైగా భూసేకరణ, పునరావాసాలవే. కాంక్రీటు కన్నా మనుషులకు చెల్లించాల్సిన న్యాయమైన పరిహారమే పెద్ద పద్దు. కొరాపుట్, రాయగడ షెడ్యూల్డ్ ప్రాంతాలు. 2013లో రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలు నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాలకు ఒప్పుకోలేదు. అప్పటికే ఆ ఖనిజాన్ని నమ్ముకుని కట్టిన అల్యూమినా శుద్ధి కర్మాగారం లాంజిగఢ్‌లో నడుస్తోంది. ప్రజల సమ్మతిని చివరి నిమిషపు ఆటంకంగా చూడటం అన్యాయమే కాదు, లెక్కల్లో కూడా పెద్ద పొరపాటు.

ఖర్చును తక్కువగా అంచనా వేయడం మన ఒక్కరి జబ్బు కాదు. 258 రవాణా ప్రాజెక్టులను పరిశీలించిన డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లూబియెర్గ్ బృందం, రైలు ప్రాజెక్టుల ఖర్చు అంచనాను సగటున 45 శాతం మించిందని 2002లో తేల్చింది. బ్రిటన్ ఆర్థిక శాఖ ఆ మరుసటి ఏడాదే, గత ప్రాజెక్టుల అనుభవాన్ని బట్టి తొలి అంచనాలను ముందే పెంచి చూపాలని మార్గదర్శకాలిచ్చింది. మన దేశంలో 2024 మార్చి నాటికి 449 భారీ ప్రాజెక్టుల వ్యయం మొత్తం మీద రూ.5 లక్షల కోట్లకు పైగా పెరిగింది.

ముప్పుల కోసం ముందే పక్కన పెట్టిన నిధి ఉందని తెలిస్తే గుత్తేదారు దాన్ని ఖర్చుచేయించే దాకా ఊరుకోడని ఆర్థిక అధికారులు అంటారు. ఆ భయంలో నిజముంది. అందుకే ఆ డబ్బు కాంట్రాక్టు విలువలో కలపకూడదు. ముందే పేర్కొన్న ముప్పు ఎదురైనప్పుడే, స్వతంత్ర సాంకేతిక పరిశీలన తర్వాతే విడుదల చేయాలి. మిగిలినది ఖజానాకు తిరిగి చేరాలి. ప్రతి విడుదలనూ కారణంతో సహా బహిరంగపరచాలి.

ఏ వాగు ఎంతవరకు పొంగుతుందో, ఏ వాలు ఏ వానకు జారుతుందో అక్కడి రైతులకు తెలుసు. ముప్పుల పట్టికను ఒడియా, తెలుగు, కువి భాషల్లో గ్రామసభల ముందుంచి, వారి మాటను అంచనాలో చేర్చాలి. అలా తయారైన అంకె ఢిల్లీలో పెద్దదిగా కనిపించవచ్చు. దాన్ని చూసి వెనకాడకుండా ఆమోదించాలి. ఎందుకంటే పని పూర్తయ్యేది ఆ అంకెతోనే.